నా చేతిపనికో లింకు

పొద్దున్నే ప్రార్థన ముగించుకుని, చేతులు కడుక్కుని, పౌడరు రాసుకుని లేసు సూది పట్టుకున్నానో లేదో ఫోను మోగింది. తెల్లదారం మీద చెమట మరక పడకుండా మేం చేతులకు పౌడరు రాసుకుంటాం. ఆ చేతులతో ముట్టుకుంటే ఫోను అద్దం తెల్లబడిపోతుంది. అయినా ఎత్తక తప్పలేదు. చేసింది మా వదినగారు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటారు.

వదినగారంటే మా ఆయనకు అక్కగారు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు.

“ఏమ్మా మరదలా, నీకు ఉద్యోగం వచ్చింది” అన్నారు, పలకరింపు కూడా లేకుండా.

“నాకా? ఎవరిచ్చారండీ?”

“ఇంకా ఇవ్వలేదనుకో. నువ్వు అడగాలి, వాళ్ళు ఇవ్వాలి. ఆ రెండు చిన్న పనులూ అయిపోతే వచ్చినట్టే.”

సంగతేమిటంటే, రాజమండ్రిలో పిల్లల బట్టలు కుట్టించి ఆన్‌లైన్లో అమ్మే కంపెనీ ఒకటుందట. గౌన్లకు, టోపీలకు లేసు నమూనాలు అల్లే మనిషి ఒక్కరు కావాలట. నెల జీతం. వారంలో కొన్నాళ్ళు అక్కడ, మిగతా రోజులు ఇంటి దగ్గరే. వదినగారి స్కూలు గ్రూపులో ఎవరో ఆ ప్రకటన పెట్టారు.

“చదువెంతని అడగలేదు. సర్టిఫికెట్లు అడగలేదు. చేసిన పనులన్నీ ఇంటర్నెట్లో ఒకచోట పెట్టి ఆ లింకు పంపమన్నారు. దాన్నే ఈ-పోర్ట్‌ఫోలియో అంటారు. వింటున్నావా?”

వింటున్నాను. ‘సర్టిఫికెట్లు అడగలేదు’ అన్న దగ్గరే ఆగిపోయి వింటున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. వానాకాలం వచ్చిందంటే మంచం మీద కూర్చునే నిద్రపోయేదాన్ని. నరసాపురం పక్కన మా ఊళ్ళో బడి దగ్గరే ఉన్నా, ఆ దుమ్ములోకి నన్ను పంపడానికి అమ్మకు మనసొప్పలేదు. తనే చెప్పింది చదువు. అమ్మ ఒళ్ళో లేసు, నా ఒళ్ళో పలక. “ఈ పువ్వుకి ఆరు రేకులే. రేకుకి ఎనిమిదేసి కన్నాలు. మొత్తం ఎన్నో చెప్పు” అనేది. నేను పలక మీద వేసి చెప్పేలోగా తను ఏడో పువ్వు మొదలుపెట్టేది. పలక పట్టిన చేతికే తరవాత సూది కూడా అందించింది. పెళ్ళయ్యాక ప్రైవేటుగా పదో తరగతి కట్టి పాసయ్యాను. అంతకు మించి ఎవరికైనా చూపించడానికి నా దగ్గర కాగితం లేదు. బాధపడుతూ రాస్తున్న మాట కాదిది. పక్కనే కూర్చుని, విసుక్కోకుండా, దగ్గొస్తే వీపు రాస్తూ చెప్పే పంతులమ్మ ఎందరికి దొరుకుతుంది? అమ్మ పోయాక కూడా రోజూ పొద్దున దేవునికి ఆ ఒక్క సంగతికీ విడిగా స్తోత్రం చెప్పుకుంటాను.

కానీ ఎక్కడ పనిచేయాలన్నా ముందు కాగితమే అడిగేవారు. అడగని చోటు ఒకటి ఉందనేసరికి సూది పక్కన పెట్టేశాను.

“మీకు పుణ్యముంటుంది, ఆ లింకు ఎలా చెయ్యాలో చెప్పండి” అన్నాను.

“పుణ్యం సంగతి తరవాత. చూపించడానికి ఏమున్నాయో ముందు అది చెప్పు.”

అప్పుడు తట్టింది. ఏమీ లేవు.

ఇన్నేళ్ళ పనిలో నా దగ్గర మిగిలినవి సూదీ, దారపు ఉండా, ఆ ఉండ దొర్లిపోకుండా వేసుకునే పాత డబ్బా, అంతే. అల్లిన లేసంతా ఏజెంటుగారు వచ్చి పట్టుకెళ్ళిపోతారు. దారం ఆయనదే, డిజైను ఆయనదే. డిజైను బయటికి పోతుందని ఫోటోలు తియ్యవద్దంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. నేనెప్పుడూ తియ్యలేదు, ఇప్పుడు తీసే ఉద్దేశమూ లేదు. లేసు గడప దాటాక ఏ ఊరి బల్ల మీద పరుచుకుంటుందో నాకు తెలియదు.

“అయితే ఏమీ లేదా?” అన్నారు వదినగారు.

“అమ్మినవి లేవండి. ఇచ్చినవి ఉంటాయి” అన్నాను, అనుకోకుండానే. ఉంటాయి కదా! నా సొంత దారంతో, నా సొంత డిజైన్లతో అల్లి పెళ్ళిళ్ళకు, బాప్తిస్మాలకు, గృహప్రవేశాలకు ఇచ్చినవి ఊరూరా ఉన్నాయి కదా!

“ఇంకేం, వెళ్ళి ఫోటోలు తీసుకురా. బాగున్నవే కాదు, పాడైపోయినవి కూడా తియ్యి.”

“పాడైనవి ఎందుకండీ?”

దానికి ఆవిడ తన కథ చెప్పారు. కిందటేడు స్కూలు మారాలనుకున్నప్పుడు వదినగారూ ఇలాంటి పేజీయే చేసుకున్నారు. అందులో మొదట పెట్టింది చతికిలబడిన క్లాసు వీడియో. భిన్నాలు చెబుతుంటే పిల్లలు తెల్లమొహాలు వేసుకుని చూడటం. దాని కింద మర్నాటి వీడియో. ఇంటి నుంచి దిబ్బరొట్టె తీసుకెళ్ళి, ముక్కలు కోసి, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా అని పిల్లల చేతే కొట్లాడించి, చివరకు తినిపించిన క్లాసు. కొత్త స్కూలువాళ్ళు ఆవిడ డిగ్రీలు చూడకముందే ఆ దిబ్బరొట్టె చూసి పిలిచారట.

“బాగు చేశానని చెప్పాలంటే పాడైంది చూపించాలి కదమ్మా. లేకపోతే ఏం బాగుచేశానని నమ్ముతారు?” అన్నారు.

ఆ మర్నాటి నుంచి నాకు కాలు నిలవలేదు. సొంత పనిని వెతుక్కుంటూ తిరగడంలో ఇంత సంతోషం ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. ముందు మా చర్చికి వెళ్ళాను. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డకు చుట్టూ లేసు నేనే అల్లాను. ప్రతి ఆదివారం ఎదురుగానే కనిపిస్తున్నా, నా పని అని ఎప్పుడూ చూడలేదు. ఫోటో తీస్తే వెనక తెల్లగోడ, ముందు తెల్ల లేసు, ఏమీ కనబడలేదు. పాస్టరు అయ్యగారి భార్య లోపలి నుంచి నల్ల గొడుగు తెచ్చి విప్పి, “దీని మీద పరిచి చూడండమ్మా” అన్నారు. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను! నల్లగుడ్డ మీద ప్రతి రేకూ, ప్రతి కన్నమూ విడివిడిగా. ఆవిడకు చేతులు పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి, ఆ గొడుగే అరువడిగి పట్టుకుపోయాను. ఎర్రటి ఎండలో, మబ్బు తునక లేని రోజుల్లో, నేను గొడుగు చంకన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతుంటే బస్సుల్లో అందరూ నన్ను చూసేవారు.

పాలకొల్లులో ఒక బాప్తిస్మపు టోపీ దొరికింది. ఆ టోపీ పెట్టుకున్న పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. వీరవాసరంలో ఒక టీవీ కవరు దొరికింది. డబ్బా టీవీ ఎప్పుడో పోయింది, కవరు మాత్రం ఇప్పుడు కుట్టుమిషను మీద ఉంది. ప్రతి ఇంట్లోనూ ముందు వాళ్ళకు అర్థం కాదు, అర్థమయ్యాక మురిసిపోతారు, కాఫీ ఇస్తారు. “మీరిన్నాళ్ళు దాచినందుకు దేవుడు మిమ్మల్ని దీవించాలండి” అని చెప్పి వచ్చేదాన్ని.

అన్నిటికంటే పెద్దది మాత్రం గోదావరి అవతల ఉంది. సఖినేటిపల్లిలో మా పిన్నికి, అంటే అమ్మ చెల్లెలికి, పెద్ద మంచం దుప్పటి అల్లి ఇచ్చాను. అంత పెద్దది మళ్ళీ నా జన్మలో అల్లలేదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి, మోటారుసైకిళ్ళ మధ్య నిలబడి ఏరు దాటుతుంటే, నల్ల గొడుగు సరిపోదు, దానికి పెద్ద పరదా కావాలి అని లెక్కలు వేసుకున్నాను.

“పిన్నీ, నీకు మంచం దుప్పటి అల్లిచ్చాను కదా. ఉందా?”

“ఉందేంటే, ఇల్లంతా ఉంది!”

నిజంగానే ఇల్లంతా ఉంది. ఫ్రిజ్జు మీద ఒక ముక్క. మిక్సీ మీద ఒక ముక్క. కిటికీకి ఒక పెద్ద ముక్క.

“ఏం చెయ్యమంటావే? మంచం మీద పరిస్తే మీ బాబాయి కాలివేళ్ళు ఆ కన్నాల్లో ఇరుక్కుంటన్నాయి. ఓ రాత్రి లేవబోయి పడ్డంత పనైంది. కత్తెరెట్టి కోసేశాను. ఇలగైతే కళ్ళెదురుగా ఉంటాది కదా అని. కోపం వచ్చిందేంటి?”

కోపం ఎక్కడిది! నవ్వు ఆపుకోలేకపోయాను. పిన్నీ నవ్వింది. అయితే కిటికీ ముక్క దగ్గరకు వెళ్ళి చూస్తే కత్తిరించిన వైపు దారాలు జారిపోతున్నాయి. దర్జీ చేత మిషను కుట్టు వేయించింది గానీ, లేసును గుడ్డలా మిషను మీద ఆపలేం. ఒక దారం తెగితే పక్క కన్నం, అది జారితే దాని పక్కది. ఇంకో ఏడాదికి సగం తెర మిగలదు. వదినగారి మాట గుర్తొచ్చి ఆ చిరుగును దగ్గర నుంచి ఫోటో తీశాను. తరవాత సంచీలోంచి సూది తీశాను. సూది లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళను.

పిన్ని వంటింట్లో రొయ్యలు వేయిస్తుంటే నేను కిటికీ పక్కన కూర్చుని, తెగిన ప్రతి కన్నాన్నీ సూదికి ఎక్కించి, కొత్త దారంతో కలిపి, సన్నటి అంచు అల్లుకుంటూ వచ్చాను. మొదట అల్లింది ముడుచుకుపోయింది. ఆ ముడతనూ ఫోటో తీసుకుని, విప్పేశాను. రెండోసారి మూలల దగ్గర కన్నాలు ఎక్కువ వేసి చూశాను. చదునుగా, కదలకుండా నిలిచింది. పిన్ని వచ్చి రెండు చేతులతో పట్టి లాగింది. ఒక్క దారం జారలేదు. దానికీ ఫోటో తీసుకున్నాను.

ఇంటికొచ్చి, వదినగారు ఫోనులో చెబుతుంటే పేజీ మొదలుపెట్టాను. డబ్బు కట్టక్కర్లేని సైటు ఒకటి చెప్పారు. ఫోటో ఎక్కించడం, దాని కింద రాయడం, అంతే. నొక్కకూడనిది నొక్కి ఒకసారి మొత్తం పోగొట్టుకున్నాను, మళ్ళీ ఎక్కించాను. నా పేరు పైన పెద్ద అక్షరాలతో వచ్చినప్పుడు మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చారు.

“అబ్బో, ఎలక్షన్లో నిలబడ్డట్టున్నావు” అన్నారు.

ప్రతి ఫోటో కింద ఏం రాయాలా అని ఆలోచించి, మనసులో ఉన్నదే రాశాను. మా దగ్గర శనివారం జరిగే కుటుంబ కూటాల్లో సాక్ష్యం చెప్పడం అలవాటు. లేచి నిలబడి, మేలు చేసినవారందరినీ తలుచుకుని, అంతా దేవుడి దయ అని చెప్పి కూర్చుంటాం. చిన్నప్పటి నుంచి నలుగురి ముందు మాట్లాడటమంటే నాకు తెలిసింది అదొక్కటే. అలాగే రాశాను. వదినగారికి పరీక్షల హడావుడి, ఆవిడను ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని చూపించకుండానే కంపెనీకి లింకు పంపేశాను. పంపి, మోకరించి, ఒక ప్రార్థన చేసుకున్నాను.

శనివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది.

‘నమస్తే అండి. మీ పేజీ చాలా బాగుంది. కానీ మేము పని చేయించి తెచ్చేవారిని తీసుకోవడం లేదు. స్వయంగా అల్లేవారు కావాలి. బుధవారానికి ఒకరిని ఖాయం చేస్తున్నాము. ధన్యవాదాలు.’

పదే పదే చదివాను. పని చేయించి తెచ్చేవారా? నేనా?

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి, రాత్రి నేను ఫోనులో చెప్పింది విని వదినగారు వచ్చి మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. నా ఫోను లాక్కుని పేజీ తెరిచి, కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు.

“‘ఇది పాలకొల్లులో ఉన్న బాప్తిస్మపు టోపీ. ఈ పువ్వు నేర్పిన మా అమ్మకు, దారం తెచ్చిపెట్టిన మావారికి, వెలుతురు కోసం వరండా ఇచ్చిన పక్కింటివారికి, ఇన్నేళ్ళు భద్రపరిచిన ఆ కుటుంబానికి, అన్నిటికీ మించి దేవునికి కృతజ్ఞతలు.’” ఆగి నా వంక చూశారు. “దారం తెచ్చినోడున్నాడు. వరండా ఇచ్చినోళ్ళున్నారు. ఇందులో అల్లినావిడేదమ్మా?”

నేను ఫోను అందుకోబోయాను. ఇవ్వలేదు.

“ఇంకోటి చూడు. ‘ఈ తెరను ప్రేమతో వాడుకుంటున్న మా పిన్నికి వందనాలు.’ నువ్వు వాళ్ళింటికి వెళ్ళి విప్పి మళ్ళీ అల్లొచ్చానన్నావే, అదేది? ఆ చిరిగిన ఫోటో ఏది?”

“పిన్ని కోసేసిందని రాస్తే ఆవిడకు నొచ్చుతుందని...”

“ఒసే మరదలా, ఇది పోర్ట్‌ఫోలియోనా, శనివారం కూటమా? ఆ కంపెనీవాళ్ళ తప్పేముంది? ఇది చదివితే నాకే అనిపిస్తోంది, వీధిలో ఆడవాళ్ళందరి చేతా అల్లించి ఊరేగే మేస్త్రమ్మవని.”

మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు. “నా పేరు మాత్రం తీయకక్కయ్యా. మొదటిసారి ఇంటర్నెట్లో పడ్డాను” అన్నారు.

వాళ్ళు నవ్వుతుంటే నవ్వాను గానీ, లోపల ఒకటే దిగులు. వచ్చిన ఒక్క అవకాశాన్ని నేనే చేజేతులా పంపేశానే అని. బుధవారానికి ఇంకెవరినో తీసేసుకుంటారు. మళ్ళీ సర్టిఫికెట్లు అడగని చోటు ఎక్కడ దొరుకుతుంది?

“పోయిందాండీ ఇంక?” అన్నాను.

“పోవడమేంటి? నువ్వు పంపింది పోస్టులో వేసిన దరఖాస్తనుకున్నావా? లింకు అదే. లోపల మార్చు. మార్చి, మళ్ళీ చూడమని అడుగు.”

ఆ మాటకు నేను కుర్చీలోంచి లేచిపోయాను. నిజమే కదా! అచ్చయిన కాగితమైతే తప్పు తప్పులాగే ఉండిపోతుంది. ఇది అలా కాదు. అల్లిక లాంటిది. తప్పు పడిన చోటిదాకా విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. ఆ పని నాకు రాకపోవడమేంటి!

ముందు పిన్నికి ఫోను చేశాను. ఇలా కోసిన సంగతి రాయొచ్చా అని అడిగాను.

“రాసుకోవే తల్లీ! నేను కోయబట్టే కదా నీకు పనొచ్చింది. నా ఫోటో కూడా ఎయ్యి కావాలంటే, పట్టుచీర కట్టుకుంటాను” అంది.

తరవాత కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ‘ఈ టోపీ నేను అల్లాను’ అని రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెబితే నవ్వుతారు. మాటలు రాక కాదు. ఆ వాక్యం ఒంటరిగా నిలబడి నన్నే చూస్తున్నట్టుండేది. తీసేయబోయాను. అప్పుడు అమ్మ తలపుకొచ్చింది. అమ్మ నాకు పువ్వు నేర్పింది. నేర్పినందుకు వందనాలు అని ఊరుకుంటే, ఆ పువ్వును నేనేం చేశానో అమ్మకు ఎవరు చెబుతారు? పుచ్చుకున్నదాన్ని పెట్టెలో పెట్టి దండం పెట్టుకున్నట్టే కదా. నేను దాన్ని ఎన్ని రకాలుగా అల్లానో, ఎక్కడ మార్చానో చెప్పడం కూడా కృతజ్ఞతే అనిపించింది. ఆ తరవాత చెయ్యి ఆగలేదు.

‘ఈ టోపీ నేను అల్లాను. అంచు గట్టిగా ఉంటే పాప చెవుల వెనక ఒరుసుకుంటుందని, అక్కడ విప్పి వదులుగా అల్లాను.’ ‘ఈ బల్లగుడ్డ మూలలు నేను తయారుచేసిన డిజైను. ఉతికినప్పుడు లాగేసుకోకుండా మూలకు ఒక పువ్వు తక్కువ వేశాను.’ పిన్ని తెర దగ్గర మూడు ఫోటోలూ వరసగా పెట్టాను. జారిపోతున్నది, మొదట ముడుచుకుపోయినది, చివర నిలిచినది. మూలల్లో ఏం చేశానో వివరంగా రాశాను. అన్నిటికీ చివర, పేజీ అడుగున, కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంచుకుంటానని వదినగారిని బతిమాలాను. “సరే, ఒకటే వాక్యం. పక్కింటి వరండాతో సహా” అన్నారు.

ఇంకా ఒకటి కావాలన్నారు. నా చేతులు అల్లుతున్న వీడియో. మా ఆయన ఫోను పట్టుకున్నారు.

“ఏవోయ్, చెయ్యి కనబడతాలేదు. నీ మొహమే వస్తంది.”

“మొహం వద్దండీ, చేతులు తియ్యండి.”

“మొహం ఎందుకొద్దు? బానే ఉంది కదా.”

వదినగారు దగ్గారు. నాకు ఈ వయసులో సిగ్గు ముంచుకొచ్చి కన్నం తప్పాను. తప్పిన కన్నం విప్పడం కూడా వీడియోలో పడింది. వెనకాల చేపలామె కేక, పక్కింటి కోడిపుంజు, అన్నీ పడ్డాయి. మళ్ళీ తీద్దామంటే వదినగారు ఒప్పుకోలేదు. “చాలా బాగుంది. ఇంత నిజం ఎక్కడ దొరుకుతుంది?” అని అలాగే ఎక్కించేశారు.

కంపెనీకి రాశాను: ‘నమస్కారమండి. లేసు నేనే అల్లుతాను. పేజీలో సరిగా చెప్పుకోలేకపోయాను. ఇప్పుడు మార్చాను. దయచేసి ఇంకొక్కసారి చూడండి.’

సోమవారం సాయంత్రం ఫోను మోగింది. ‘బుధవారం ఉదయం ఒకసారి రాగలరా అండీ?’ అని ఒక అమ్మాయి గొంతు. రాగలనండి అన్నాను. ఎక్కడికి, ఎన్నింటికి అని అడగడం మరిచిపోయి పెట్టేశాను. మళ్ళీ నేనే చేసి అడిగాను.

బుధవారం మొదటి బస్సు పట్టుకున్నాను. సిద్ధాంతం వంతెన మీద ఉండగా సూర్యుడు నీళ్ళ మీదికి వచ్చాడు. జొన్నాడ దగ్గర మళ్ళీ గోదావరి. రెండుసార్లూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఏమని అడిగానో చెప్పను, అందరూ అడిగేదే. రాజమండ్రి బస్సు కాంప్లెక్సులో వదినగారు సెలవు పెట్టి మరీ ఎదురుచూస్తున్నారు. నన్ను ఆటోలో తీసుకెళ్ళి, ఒక బట్టల దుకాణం పైన ఉన్న ఆఫీసు మెట్ల దగ్గర వదిలి, “నేను కింద కాఫీ హోటల్లో ఉంటా. అయ్యగానే ఫోను చెయ్యి. అక్కడ కూడా సాక్ష్యం మొదలుపెట్టకు” అని హెచ్చరించారు.

నాతో మాట్లాడిన అమ్మాయే అక్కడ మేనేజరు. చిన్న వయసు, మెడలో కొలత టేపు. బల్ల మీద పెద్ద తెర, తెర నిండా నా పేజీ! నా టోపీ, నా బల్లగుడ్డ, మా పిన్ని కిటికీ, అన్నీ గోడంత పెద్దవిగా ఉన్నాయి.

“కూర్చోండమ్మా. మొదటిసారి చూసినప్పుడు మీరు పదిమంది చేత చేయిస్తారనుకున్నానండి” అంది.

“అందరూ అలాగే అనుకున్నారండి, మా వదినగారితో సహా” అన్నాను.

ఆ అమ్మాయి నవ్వేసింది. “లింకులు చాలా వచ్చాయండి. ఫోటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ ఒకే టేబుల్ కవరు ఫోటో నలుగురి పేజీల్లో ఉంది. ఎవరు అల్లారో నాకెలా తెలుస్తుంది? మీ పేజీలో ముడుచుకుపోయిన అంచు ఫోటో చూశాక మాత్రం, ఇది ఖచ్చితంగా ఈవిడే అల్లారనుకున్నాను. ఎవరూ పక్కవాళ్ళ తప్పు తెచ్చి తమదని పెట్టుకోరు కదండీ!”

వదినగారి దిబ్బరొట్టె నా కళ్ళ ముందు మెరిసింది.

ఆ అమ్మాయి లేచి, బీరువాలోంచి ఒక చిన్న గౌను తెచ్చింది. లేత గులాబీ రంగు, ఏడాది పాప వేసుకునేది. మెడ చుట్టూ లేసు కాలరు. “చూడండమ్మా. కాలర్లన్నీ ఒకే సైజులో అల్లించాం. చిన్న గౌన్లకు పెద్దవైతే కత్తిరించాం. ఒక్కసారి ఉతికితే ఇలా అయింది” అంది. కత్తిరించిన చోట దారాలు వేలాడుతున్నాయి, అచ్చం పిన్ని కిటికీ లాగే. “మీ తెరకు చేసినట్టు దీనికి చెయ్యగలరా?”

కాలరు వేళ్ళ మధ్య పెట్టి చూశాను. దారం మా దానికంటే సన్నం. అంచు బరువైతే పాప మెడకు గుచ్చుకుంటుంది. తెరకు వేసినన్ని కన్నాలు ఇక్కడ వేస్తే అలలు తేలుతుంది.

“అదే పద్ధతి పనికిరాదండి. దీనికి వేరేగా ఆలోచించాలి. అయినా ముందు ఒకటి పాడుచేసి చూడాలి” అన్నాను.

ఆ అమ్మాయి కంప్యూటరు మీద ఏదో టిక్కు కొట్టి, “పాడుచెయ్యడానికి ఇక్కడ చాలా గౌన్లున్నాయమ్మా. రేపటి నుంచి రాగలరా? ఉద్యోగం మీదే” అంది.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ‘ప్రభువా’ అని ఒక్క మాట లోపల అనుకున్నాను, అంతకు మించి ఆ క్షణంలో ప్రార్థనకు కూడా ఓపిక లేదు. వేళ్ళు దురదపెడుతున్నాయి.

“రేపెందుకండీ?” అన్నాను. “సన్నదారం ఉంటే ఇవ్వండి. చేతులు ఎక్కడ కడుక్కోమంటారు?”

కిటికీ పక్కన కుర్చీ చూపించారు. కింద రోడ్డు మీద ఆటోల మోత. మొదటి వరస మూలకు వచ్చేసరికి ఫోను మోగడం మొదలుపెట్టింది. వదినగారే. మోగి, ఆగి, మళ్ళీ మోగుతోంది. కాఫీ ఎన్నోదో పాపం. కానీ కాలరు వంపు తిరుగుతోంది, కన్నం తగ్గించాలా ఉంచాలా అన్నది ఇప్పుడే తేలిపోవాలి. ఈ ఒక్క మూలా తిరిగాక ఎత్తుతాను అనుకుని, సూది లోపలికి పోనిచ్చాను.